అర జాన దూరంలో ఆదిత్య

2023 సెప్టెంబరులో ఆదిత్య ఉపగ్రహం సూర్యుణ్ణి పరిశీలించడానికి బయలుదేరిన నాటికి నేను అనకాపల్లిలో హస్తకళల ప్రోత్సాహక అధికారిని. ఏటికొప్పాక లక్కబొమ్మలు నా పరిధి. బడిపిల్లల కోసం ఆదిత్య బొమ్మ కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పనివారు నమూనా చేస్తారు, నేను పరీక్షించి కమిటీకి పంపుతాను, కమిటీ పాస్ చేస్తేనే ఆర్డరు. అదీ పద్ధతి.

ఆ పని నూకరత్నానికి అప్పగించాను. కర్రను తిప్పి బొమ్మలు చెక్కే లేతును సొంతంగా నడుపుతున్న మనిషి. గిరాకీ పడిపోయి భర్త అప్పటికే పరవాడ మందుల కంపెనీలో చేరాడు. ఈ ఆర్డరు రాకపోతే లేతు అమ్మేసి తానూ కంపెనీ బస్సు ఎక్కుతానని ముందే చెప్పింది.

మొదటి నమూనా ముచ్చటగా వచ్చింది. అంకుడు కర్ర పీట మీద ఒక చివర పసుపు లక్క పూసిన సూర్యుడు, రెండో చివర నీలి రంగు భూమి. రెండూ ఒకే సైజు. సరిగ్గా నడుమ ఆదిత్య. అటూ ఇటూ బరువు సరిపోకపోతే బొమ్మ నిలబడదన్నది ఏటికొప్పాక వారి మొదటి పాఠం. ఆ అలవాటుతోనే అలా అమర్చింది.

నేను ఇంటర్‌తో చదువు ఆపి గుమాస్తాగా చేరినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా శాఖా గ్రంథాలయంలోనే. ఈ మాట గర్వంగానే చెబుతాను. అక్కడి పుస్తకాలు తిరగేస్తే నమూనా నిలవదని తేలింది. సూర్యుడు మనకు దాదాపు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం. ఆదిత్య వెళ్ళేది పదిహేను లక్షలే, అంటే నూరింట ఒక వంతు. ఆ మాట చెప్పగానే నూకరత్నం లేతు ఆపేసింది.

"సూరీడ్ని సూడ్డానికని బయల్దేరి మన గుమ్మం కాడే నిలబడిపోద్దేటి బాబూ? అయితే మా ముసిలి మావ లాంటిదే. సంతకెల్తానని సెప్పి అరుగు మీదే కూకుంటాడు. అడిగితే, ఈదంతా ఇక్కణ్ణించే కనపడతాదంటాడు."

సరిగ్గా అదే సంగతి అన్నాను. భూమి, సూర్యుడు రెండింటి ఆకర్షణా కలిసి, అక్కడున్న వస్తువును భూమితో పాటే ఏడాదికో చుట్టు తిప్పుతాయి. గ్రహణాలు కూడా అడ్డురావు. అక్కణ్ణుంచి సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడవచ్చు.

తర్వాత కొలతలకు కూర్చున్నాం. సూర్యుడు వెలక్కాయంత ఉంటే భూమి గసగసాల గింజంత. మధ్య దూరం పాతిక మూరలు. అంత పొడుగు పీట ఎవరూ చేయలేరు. నేను ఫైలు మూసేద్దామనుకున్నాను. ఆమె మాత్రం రాంబిల్లిలో తన పిన్ని కొడుకులు గేలపు దారాన్ని చుట్టుకునే కర్ర గురించి చెప్పింది. లేతు మీద గుండ్రటిది ఏదైనా వస్తుంది కదా, సూర్యుణ్ణే దారం చుట్టుకునే ఉండగా చేస్తే సరిపోదా అంది.

కమిటీ ముందు పెట్టినప్పుడు అధ్యక్షుడు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో బొమ్మ ఏదమ్మా?" అని అడిగారు.

"మీరు సూరీడ్ని పట్టుకోండి బాబూ. నాను దారం ఇప్పుకుంటా ఎల్తాను."

ఆమె వరండా దాటి గేటు దాకా వెళ్ళి ఆగింది. అధ్యక్షుడు సూర్యుణ్ణి పక్కవారి చేతిలో పెట్టి, దారం వెంట నడుచుకుంటూ వెళ్ళారు. దారం కొసన నీలి లక్క చుక్క, భూమి. దానికి అర జాన ఇవతల పసుపు ముడి, ఆదిత్య. ఆయన వెనక్కి తిరిగి వరండా వైపు చూశారు.

"ఇంత దూరంలో అది వెళ్ళేది ఇంతేనా?"

"మరే బాబూ. ఆ కాసింత ఎల్లడానికే నెలలు పడతాదంట."

ఆయన ముడిని వేలితో తాకి, గేటు దగ్గరే నమూనా పాస్ అన్నారు. వాడే విధానం వివరించే కాగితం జతచేయాలన్నదొక్కటే షరతు. అది నేను రాశాను. ఆర్డరుకు నూకరత్నం లేతు ఒక్కటే చాలక, పక్కింటి వాళ్ళ లేతు కూడా తిరిగింది.

అప్పటిదాకా నమూనా పరీక్షంటే నాకు నునుపు, రంగు, అంచులు చూడడమే. బొమ్మ పిల్లలకు నిజమే చెబుతోందా అన్నది కూడా పరీక్షలో భాగమేనని ఆ ఉద్యోగంలో చివరగా నేర్చుకున్నాను. అలవాటైన బొమ్మ ఆకారంలో ఆ నిజం పట్టనప్పుడు, మార్చవలసింది ఆకారాన్నే.