ఆండాలు మోసిన మూటలు

ఆండాలుకు చదువు రాదు, గడియారం చూడడం రాదు, ఎవరికైనా భయపడడం అసలే రాదు. చాంద్రాయణగుట్ట వెనక గల్లీల్లో ఏ ఇంట్లో ఎన్ని పాలు పోయాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేది. వాళ్లది తరాలుగా బర్రెలను మేపి పాలు పోసిన ఇల్లు. ప్యాకెట్ పాలొచ్చాక పాలు పోయించుకునే ఇళ్లు తగ్గాయి, బర్రెలూ ఒక్కొక్కటే పోయి చివరికి ఒకటి మిగిలింది. పరదా పాటించే ఇళ్లలో కూడా ఆమెకు అడ్డు లేదు. చిన్నప్పటినుంచీ పాలచెంబుతో వచ్చిన మనిషి కదా, గొంతు వినబడితే చాలు, తలుపు తీసేవాళ్లు.

నీహారిక మేడమ్ ఆమెను పనిలోకి తీసుకున్నది అందుకే. 1996లో ఆవిడ పిల్లల గౌన్లు కుట్టించే కంపెనీ పెట్టింది. చేనేత నూలు బట్ట, చెట్టు బెరళ్ల రంగులు, మిగిలిన పీలికలతో బొత్తాలకు తొడుగులు. ఒక్క ముక్క పారేసినా ఊరుకునేది కాదు. గడప దాటలేని ఆడవాళ్లకు పని దొరకాలన్నది ఆవిడ పట్టుదల. షెడ్డులో మిషను కుట్టు పూర్తయిన గౌన్లను ఆండాలు మూటగట్టి ముప్పై ఒక్క ఇళ్లకు మోసేది. కాజాలు, బొత్తాలు, అంచు మడతలు ఆ ఇళ్లలో చేత్తో కుట్టేవాళ్లు. నేనక్కడ గుమాస్తాను. నాన్న ఉద్యోగం వెంట గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. ఆండాలు నన్ను 'అమృతమ్మా' అని ప్రేమగా పిలుస్తూనే నా మాటతీరును తెగ వెక్కిరించేది.

ఏడేళ్లు మూట ఆగలేదు.

2003లో మా గౌన్లు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకి ఒకావిడ వచ్చింది. మేడమ్ షెడ్డంతా చూపించి, ఫోనొస్తే లోపలికి వెళ్లింది. ఆ మూటలో ఏముందని వచ్చినావిడ ఆండాలును అడిగింది. అడగడమే ఆలస్యం, ఆండాలు పొంగిపోయింది. రమ్మను, మా ఆడోళ్ల చేతులు చూసి పోవాలె అంది. మేడమ్‌ను అడిగి వెళ్దామని నాకు తోచలేదు. నాకూ గొప్పగానే ఉంది మరి.

అందరిలోకీ పనిమంతురాలని ఆండాలు మమ్మల్ని ఖమరున్నిసా ఇంటికి తీసుకెళ్లింది. ఆటో నడిపే భర్త పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండే ఆచారం అది. ఒళ్లో గౌను పెట్టుకుని కాజా కుడుతోంది. షెడ్డుకు వచ్చి కుట్టొచ్చు కదా అని వచ్చినావిడ అడిగింది. ఆండాలు ఓపిగ్గా అంతా చెప్పింది. అదంతా నేను ఒక్క ముక్కలో ఇంగ్లీషులో పెట్టేశాను: ఈమె బయటికి రాకూడదు అని. ఎందుకు రాకూడదో, ఎన్నాళ్లు రాకూడదో ఇంకో రెండు మాటలు చెప్పి ఉండాల్సింది. నా నోటికి అప్పుడేమొచ్చిందో!

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఆడవాళ్లను ఇళ్లలో బంధించి పని చేయిస్తున్నారట. ఇకమీదట పనంతా ఒకే కప్పు కింద జరగాలట, లేకపోతే ఆర్డర్లు లేవట. మేడమ్ ఏడ్చింది, ఏడ్చి షెడ్డు పెంచింది. రెండో తలుపు పెట్టించింది, ఫ్యాన్లు వేయించింది. ముప్పై ఒక్కమందిలో ఆ ఫ్యాన్ల కిందికి రాగలిగింది ఆరుగురు. మిగతా గడపలన్నీ ఆండాలే తిరిగి చెప్పింది, తిట్లన్నీ తనే తిన్నది. ఒక్క ఖమరున్నిసాకు మాత్రం చెప్పలేకపోయింది. ఇద్దత్ అయ్యేదాకా ఆమె కోసం ఒక మిషను ఖాళీగా ఉంచుతానని మేడమ్ మాటిచ్చింది.

"గా తనిఖీకొచ్చినామెను ఖమరున్నిసా ఇంటికి పట్కపోయింది నేనే గదమ్మా. అప్పటిదాక ఎట్లనన్న నడిపిస్త. నువ్వు ఎవ్వలకు చెప్పకు" అంది ఆండాలు నాతో.

నడిపించింది. పత్తర్‌గట్టిలో చవక కట్‌పీసులు కొని, గల్లీలో దర్జీ చేత గౌన్లు కుట్టించి, కంపెనీ మూటే అన్నట్టు మోసుకెళ్లి కూలి ఇచ్చేది. ఆ గౌన్లు కొనే దిక్కు లేదు. అటక మీద పేరుకుపోయాయి. రెండో నెలలో బర్రెను అమ్మేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. నాలుగు దారపుండలు కొనిచ్చి నా వంతు అయిపోయిందనుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇద్దత్ ముగియడానికి పదిహేను రోజుల ముందు, ఆ కొనే కంపెనీవాళ్లకు వేరే దేశంలో ఇంకా పెద్ద కప్పు, ఇంకా తక్కువ ధర దొరికాయి. షెడ్డుకు తాళం పడింది. ఉంచుతానన్న మిషను కూడా పాతసామాన్ల కింద పోయింది.

ఇద్దత్ ముగిసిన మర్నాడు ఆండాలు వెళ్లి ఖమరున్నిసాకు అంతా చెప్పేసింది. అక్కడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. ఆమెను అంత నీరసంగా నేనెప్పుడూ చూడలేదు. ఏమందని అడిగాను.

"మొదటి మూటకే ఎర్కైందట. నూలు గాదు, టెర్రికాట్ అని సూది పెట్టంగనే తెల్సిందట. అడుగుతె నువ్వు ఆపేస్తవని అడగలె అన్నది."

బర్రె గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. నీకు కోపం రాలేదా అన్నాను.

"ఏం కోపం? ఇద్దరు పిల్లలు. నేనైనా గట్లనే జేద్దును." మళ్లీ తనే అంది. "లేశి వస్తుంటె, రేపు మూట తెస్తవు గదా అన్నది."

"నువ్వేమన్నావు?"

"తెస్త అన్న."

ఆండాలు ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ లేదు.