చప్పుడు చేసే ట్రైనర్

ఆ శీతాకాలం మా అమ్మాయి నన్ను కాపలా కాసింది. తనకప్పుడు పదిహేనేళ్ళు. నేను స్నానానికి వెళ్ళి పది నిమిషాలు దాటితే తలుపు తట్టేది. సోఫాలో కునుకు తీస్తే ఏదో అడిగే వంకతో లేపేది. స్నేహితుల ఇళ్ళకు వెళ్ళడం మానేసింది. ఎందుకమ్మా అంటే "హోంవర్క్ ఉంది" అనేది.

అంతకు ముందు ఏప్రిల్‌లో నా భార్య పోయింది. ఆదివారం మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని పైగదిలో పడుకుంది. నేను కింద హాల్లో పుస్తకం చదువుకుంటున్నాను. నాలుగింటికి టీ పెట్టి, అమ్మను లేపమని అమ్మాయిని పైకి పంపాను. మెదడులో రక్తనాళం చిట్లిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆ సమయమంతా మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. మాకేమీ వినిపించలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా దాదాపు ఒకే మాట అన్నారు. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఒక పెద్దావిడ మా అమ్మాయి తల నిమిరి, "చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది తల్లీ, అలాంటి చావు ఎంతమందికి వస్తుంది" అంది. మనవాళ్ళు చావు గురించి చెప్పుకునే మాటల్లో అంతకన్నా మంచిమాట లేదు. నేను కూడా దాన్ని పట్టుకునే ఆ పది రోజులూ గడిపాను. ఆ మాట పదిహేనేళ్ళ పిల్లకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించలేదు.

అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కు వచ్చినప్పటినుంచీ వేసవిలో సైకిల్ తొక్కడం నాకు అలవాటు. ఆ ఏడాది కూడా తొక్కాను. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడేది కాదు. నేను వెళ్ళి వచ్చేదాకా మా అమ్మాయి గరాజ్ మెట్టు మీద ఫోన్ పట్టుకుని కూర్చునేది. ఆగస్టులో ఒకరోజు టైరు పంక్చరై నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఇంటికొచ్చేసరికి వాకిట్లో నా మిత్రుడి కారు ఉంది. అతను, అతని భార్య, మధ్యలో మా అమ్మాయి. హాస్పిటల్స్‌కు ఫోన్ చెయ్యమని అతన్ని అడుగుతోంది. ఆ రోజుతో రోడ్డు మీద తొక్కడం మానేశాను.

అక్టోబరు నాటికి ఒళ్ళు పెరిగింది, నిద్ర తగ్గింది. డాక్టర్ బీపీ మాత్ర మార్చాడు. ఆ మాత్రల సీసా మీద రాసి ఉన్నదంతా మా అమ్మాయి చదవడం చూశాను.

"బయట తొక్కితే పిల్ల భయపడ్తది, తొక్కకపోతే డాక్టర్ భయపెడ్తడు" అన్నాడు నా మిత్రుడు. మా ఆఫీసువాడే, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. "బేస్‌మెంట్‌ల స్మార్ట్ ట్రైనర్ పెట్టుకో అన్నా. ఇల్లు దాటే పనే లేదు."

ట్రైనర్ అంటే సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి తొక్కనిచ్చే యంత్రం. స్మార్ట్ ట్రైనర్ అయితే టాబ్లెట్‌తో కలుస్తుంది. తెర మీద ఎత్తు వస్తే పెడల్ దానంతటదే బరువెక్కుతుంది, పల్లం వస్తే తేలికవుతుంది. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో వెనక చక్రం అలాగే ఉంచి దాన్ని ఒక రోలర్‌కు ఆనించి తొక్కుతాం. టైరు రోలర్ మీద తిరిగినంతసేపూ రొద. రెండోదానిలో వెనక చక్రం ఊడదీసి చెయిన్‌ను నేరుగా యంత్రానికే తగిలిస్తాం. చప్పుడు చాలా తక్కువ.

నా ఉద్యోగం కార్లలో చప్పుడు తగ్గించడం. లోపల కూర్చున్నవాళ్ళకు రోడ్డూ వినపడకూడదు, ఇంజనూ వినపడకూడదు. ఇరవై ఏళ్ళుగా అదే పని. ట్రైనర్‌ను కూడా అలాగే ఎంచుకున్నాను. మూడు వారాలు రివ్యూలు చదివాను. రొద ఎంతో వింటే తప్ప నమ్మకం కలగక, సౌండ్ మీటర్ పట్టుకుని మిత్రుడింటికి వెళ్ళాను. అతనిది రోలర్ రకం. అతను తొక్కుతుంటే నేను ఒకసారి పక్కన, ఒకసారి మెట్ల మీద, ఒకసారి పై వంటగదిలో నిలబడి కొలిచాను.

"ఏందన్నా ఇది, ట్రైనర్ కొంటున్నవా, ఆపరేషన్ థియేటర్ కడ్తున్నవా?" అని కింద నుంచి అరిచాడు.

అతని భార్యది కాకినాడ. "ఆయన్ని కొలవనీయండి" అంది పోపు వేస్తూ. "ఈయన ఆ మెషీన్ ఎక్కితే గంటసేపు ఎవరో పప్పు రుబ్బుతున్నట్టుంటుంది అన్నయ్యగారూ. నేను ఫోన్ కూడా మాట్లాడలేను. ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే మీరు ఆ రెండోదే కొనుక్కోండి."

అదే కొన్నాను. షాపు యజమాని, నడివయసు అమెరికన్ ఆవిడ, బాక్స్ కారులో పెట్టిస్తూ, మీరు తొక్కుతున్నట్టు మీ ఇంట్లోవాళ్ళకు తెలియనే తెలియదు అంది. ఇంటికెళ్ళి ఆ మాట మా అమ్మాయికి గొప్పగా చెప్పాను. "ఓ. కూల్" అంది.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవుల్లో బేస్‌మెంట్‌లో బిగించాను. నిజంగానే నా ఊపిరి తప్ప మరేమీ వినపడలేదు. మొదటిరోజు పావుగంట అయ్యేసరికి పైన తలుపు తెరుచుకుంది.

"నాన్నా?"

"ఆఁ."

"నథింగ్."

కాసేపటికి మళ్ళీ. "నాన్నా, వాటర్ కావాలా?" మళ్ళీ. "నాన్నా, నా చార్జర్ అక్కడ ఉందా?" చార్జర్ అక్కడ ఎప్పుడూ ఉండదు. కొత్త కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను. తలుపు తెరిచి పెట్టాను. తను రావడం ఇంకా ఎక్కువైంది.

రెండో వారంలో పుస్తకాలు పట్టుకుని కిందికే వచ్చేసింది. మా బేస్‌మెంట్‌లో హీటింగ్ అంతంతమాత్రం. కోటు వేసుకుని మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"పైకెళ్ళమ్మా, చలి."

"ఐ యామ్ ఓకే."

"నేనెక్కడికీ పోవడం లేదు కదా. ఇక్కడే తొక్కుతున్నాను."

"ఐ నో. కానీ పైన ఏం వినపడదు నాన్నా. నువ్వు తొక్కుతున్నావా, ఆగిపోయావా... నాకెలా తెలుస్తుంది?" నోట్‌బుక్ లోంచి తలెత్తలేదు. "అమ్మప్పుడు కూడా ఏం వినపడలేదు."

సైకిల్ దిగి తన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ గురించి తను మాట్లాడింది ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. దుఃఖం గురించి ఆ ఏడాది నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిలోంచి ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు.

మా పనిలో ఒక సంగతి ఉంది. కారు మలుపు తిప్పేముందు వేసే ఇండికేటర్ టిక్కు టిక్కుమంటుంది. పాత కార్లలో ఆ చప్పుడు లోపలి రిలే అనే చిన్న స్విచ్ చేసేది. ఇప్పుడు చాలా కార్లలో అది స్పీకర్ లోంచి కావాలని వినిపించేదే. అది వినపడకపోతే లైటు వెలుగుతోందో లేదో డ్రైవర్‌కు అనుమానం. అన్ని చప్పుళ్ళూ తీసేసి ఆ ఒక్కటీ తిరిగి పెడతాం. దాని గురించి గంటల తరబడి మీటింగుల్లో కూర్చున్నవాణ్ణి నేను. నా ఇంట్లో ఎవరికి ఏ చప్పుడు కావాలో అడగలేదు.

మర్నాడు మిత్రుడికి చెప్పాను. "నాది తీస్కపో అన్నా, నీది నాకియ్యి" అన్నాడు.

"నీది పాతది, నాది కొత్తది. అదే కదా నీ ప్లాన్" అన్నాను.

"మరి? ఊకే ఇస్తనా?" అన్నాడు. నవ్వాడు. నేను కూడా నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

శనివారం మార్చుకున్నాం. అతని భార్య మా కారు దాకా వచ్చి, "మీకు పుణ్యం ఉంటుంది అన్నయ్యగారూ. ఆ పప్పు రుబ్బేదాన్ని మళ్ళీ మా గడప తొక్కనివ్వకండి" అంది. తర్వాత నెమ్మదిగా, "పిల్ల ఎలా ఉంది?" అని అడిగింది.

రోలర్ ట్రైనర్ మొదలుపెట్టగానే మా ఇంటికంతా తెలిసింది. నా ఇరవై ఏళ్ళ అనుభవం ప్రకారం అది ఒప్పుకోదగ్గ యంత్రం కాదు. వంటగదిలో గ్లాసులు అదిరాయి. నేను వేగం పెంచితే రొద కీచుమనేది, ఎత్తు వచ్చి నెమ్మదిస్తే బొంగురు పోయేది. మూడో రోజుకు మా అమ్మాయి పైనుంచే పోల్చుకోవడం మొదలుపెట్టింది.

"హిల్ వచ్చిందా?" అని అరిచేది.

"వచ్చింది!" అని రొప్పుతూ అరిచేవాణ్ణి.

"యు ఆర్ సో స్లో!"

మొదటి వారం గంటకు రెండుసార్లు తలుపు తీసింది. తర్వాత ఒక్కసారి. జనవరిలో కొన్ని రోజులు అసలు తియ్యలేదు, కొన్ని రోజులు తీసింది. బాగుపడటం అంటే గీత గీసినట్టు ఉండదని అప్పుడు తెలిసింది. రొద ఆపేముందు "ఆపుతున్నా!" అని గట్టిగా చెప్పడం నేను అలవాటు చేసుకున్నాను. ఒకసారి మరిచిపోతే రెండేసి మెట్లు దూకుతూ దిగింది. మళ్ళీ మరవలేదు.

మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం. తెర మీద పెద్ద కొండ ఎక్కుతున్నాను. పైన తలుపు ధడాలున తెరుచుకుంది.

"నాన్నా! ఇంకా ఎంతసేపు? ఇట్స్ సో అనాయింగ్! మండే నాకు కెమిస్ట్రీ టెస్ట్ ఉంది!"

"పది నిమిషాలమ్మా."

"ఫైవ్!"

తలుపు వేసేసింది. మెట్లు దిగలేదు. నా వైపు తొంగి కూడా చూడలేదు. కోపమొచ్చిన పదిహేనేళ్ళ పిల్ల ఎలా ఉంటుందో మా ఇంట్లో ఏడాదిగా మరిచిపోయాం.

ఐదు నిమిషాలకు కాళ్ళు ఆపాను. కావాలనో, మరిచిపోయో ఇప్పటికీ చెప్పలేను, పైకి ఏమీ అరవలేదు. రోలర్ తిరిగి తిరిగి ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైంది. హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని, చెమట కారుతుండగా, విన్నాను. తలుపు తెరుచుకోలేదు. తనే ఆపమంది కాబట్టి రాలేదేమో అనుకున్నాను. అయినా అలాగే కూర్చున్నాను. ఐదు నిమిషాలు, పది. చెమట ఆరి చలేసింది. పైన ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. కెమిస్ట్రీ కాదు. నవ్వుతోంది.