బాలన్న బీడీల డబ్బా

గల్ఫ్‌లో మా అస్కర్ క్యాంపులో ఎవడు సెలవుకి ఇంటికి పోవాలన్నా ముందు బాలన్న చేతిలో పడాల్సిందే. టికెట్ కంపెనీ ఇచ్చేది, పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా యజమాని, ఇచ్చేవాడు, పొమ్మని చెప్పేది మాత్రం బాలన్న. మంచం మీద సంచీ బోర్లించి, ఒక్కొక్క వస్తువూ విప్పి చూసి, మళ్లీ తనే సర్దేవాడు. సర్దే ముందు సంచీ చూపించి అందరినీ ఒకటే మాట అడిగేవాడు.

“ఇండ్ల నీది గానిదేమన్న ఉన్నదా బిడ్డా?”

ఉందన్నారో, అయిపోయారే! ఎవడిచ్చిండు, ఎందుకిచ్చిండు, కుట్లు ఇప్పి చూసినవా లేదా అని ప్రాణం తీసేవాడు. ఊరి నుంచి వచ్చేవాళ్లకి గసగసాలు తేవద్దని ముందే కబురు పెట్టించేవాడు. అక్కడ కూరలో వేసుకునేది ఇక్కడ మత్తుమందు కింద లెక్క మరి. నేను ఆ క్యాంపులో వంటవాణ్ణి. పేరు పేరయ్య, మాది అమలాపురం దగ్గర. మా ఆవిడ ముచ్చటపడి కట్టిచ్చిన గసగసాల పొట్లాన్ని ఆయన దొడ్లో పోసి బకెట్టుడు నీళ్లు కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“మీకెవరిచ్చారండీ ఈ అధికారం?” అని అడిగాను.

“నువ్వు జైల్ల గూసుంటే మాకు బువ్వెవడు వండుతడు?” అన్నాడు.

బాలన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ తుక్కు యార్డులో పని. అల్యూమినియం ఒక పక్క, ఇనుము ఒక పక్క పొయ్యాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, లేకపోతే అల్యూమినియం. కువైట్ యుద్ధం అయిన కొత్తలో ఆ యార్డుకి ఏవేవో వచ్చి పడేవి. అలా దొరికిందే ఆ డబ్బా. తుపాకీకి కింద తగిలించే తూటాల డబ్బా, మ్యాగజైన్ అంటారు. తేలికైన అల్యూమినియంది, కొంచెం వంపు తిరిగి ఉండేది. లోపలి స్ప్రింగు పీకి పారేసి, మూతికి రబ్బరు బిరడా పెట్టి, బాలన్న అందులో బీడీలు పోసుకున్నాడు. తడి తగలదు, నలగవు. క్యాంపులో ఆ డబ్బాలోంచి బీడీ తీసుకోనివాళ్లు తక్కువ. ఫోర్‌మన్ కూడా చూసి నవ్వి ఊరుకున్నాడు.

“ఏంటండీ బాలన్నా, మిలట్రీలో చేరారా?” అని నేను ఏడిపించేవాణ్ణి.

“తుపాకి లేదు, తూటా లేదు. ఉత్త డబ్బ. భయమేంది?” అనేవాడు. మళ్లీ తనే గొంతు తగ్గించి, “మా దిక్కు మాత్రం కొంటవోను. అక్కడ గిసొంటిది దొరికితే అన్నలల్ల మనిషని పట్కపోతరు. పోయినోడు ఇల్లు జేరడు” అనేవాడు.

అంటే ఇండియాలో నక్సలైటని పట్టుకుపోతారని తెలుసు. పక్కనే ఉన్న సౌదీ సంగతి ఆలోచించలేదు. అందరి సంచీలూ బోర్లించే మనిషి, తన చొక్కా జేబు తడుముకోలేదు!

ఆ ఏడాది ఎండాకాలంలో, సౌదీలో ఒక ఫ్యాక్టరీ మరమ్మతు పనికి కొందరిని బస్సులో పంపింది కంపెనీ. వెళ్లినవాళ్లలో బాలన్న, ముఖేష్ కూడా ఉన్నారు. ముఖేష్ బాలన్న ఊరివాడే, రాములవ్వ కొడుకు. తండ్రి లేని పిల్లాడు. వీసా ఇప్పించి బాలన్నే తీసుకొచ్చాడు. బయల్దేరేటప్పుడు రాములవ్వ కొడుకు చెయ్యి బాలన్న చేతిలో పెట్టి, నీకే అప్పజెప్పుతున్నా అన్నదట. వాడు ఆయన్ని కాకా అని పిలుస్తూ వెనకాలే తిరిగేవాడు.

నేను ఆ బస్సులో లేను. మా గోదావరి వాడే, వెల్డర్ సాయిబాబు ఉన్నాడు, వాడు చెప్పాడు. సముద్రం మీద వంతెన, మధ్యలో కస్టమ్స్. అధికారి బస్సెక్కి సీట్లు చూసుకుంటూ వస్తున్నాడు. బాలన్నకీ ముఖేష్‌కీ మధ్య సీటు మీద ఆ డబ్బా ఉంది. అధికారి దాన్ని తీసి పైకెత్తాడు. మొహం మారిపోయింది.

“ఏ కిస్కా?” అని, ఎవరిదో అడిగాడు.

బాలన్న నోట్లోంచి వచ్చిన మాట, “మేరా నై.”

నాది కాదన్నాడు! బస్సులో సగం మంది ఆ డబ్బాలోంచి బీడీ తాగినవాళ్లే. అధికారి ముఖేష్ వైపు తిరిగాడు. ముఖేష్ బాలన్న వైపు చూశాడు. బాలన్న కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు. ముఖేష్ అవుననలేదు, కాదనలేదు. వాణ్ణి కిందికి దింపి తీసుకుపోయారు.

చాలాసేపు బస్సు కదలలేదు. సాయిబాబు లేచి, “బాలన్నా, చెప్పండి. పిల్లాడండీ” అన్నాడు. బాలన్న కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆయన కళ్ల ముందు ఇల్లు చేరనివాళ్లే ఉండి ఉంటారు. అయినా సరే, అక్కడ దిగిపోయింది ఆయన కాదే! అప్పజెప్పిన పిల్లాడు.

కాసేపటికి డ్రైవరు వచ్చి చెప్పాడు. డబ్బాలో స్ప్రింగు లేదు, పనికిరాని తుక్కు, బీడీలున్నాయి, కేసు లేదు. కానీ అది ఎవరిదో వాడు సౌదీలోకి రాడు, ఇటునుంచిటే వెనక్కి పోవాలి. ఆ మాట విన్నాక బాలన్న లేచి నిలబడి, “నాదే” అన్నాడు.

ఎవరూ తలెత్తి చూడలేదట.

ముఖేష్‌ని మళ్లీ బస్సెక్కించి, ఆయన్ని వెనక్కి పంపారు. సాయంత్రానికి క్యాంపుకి తిరిగొచ్చాడు. నాకు సంగతి తెలియక నవ్వుతూ పలకరించాను. తల దించుకుని గదిలోకి పోయాడు. మిగతావాళ్లు పని ముగించుకుని వచ్చాక నాకు అంతా తెలిసింది. ఎంత కోపం వచ్చిందంటే, గరిటెడు అన్నం ఆయన కంచంలోకి విసిరినట్టే వేశాను. ఆయన అందరూ తిన్నాక, ఆఖరున వచ్చేవాడు. బీడీ మానేశాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని తనే మొదలుపెట్టాడు.

“పేరయ్యా, మస్తు సిగ్గైతుంది. లేసి నాదే అన్న. ఎప్పుడన్న? కేసు లేదని తెలిసినంక అన్న. పోరడు నా పేరు చెప్పలే. రాములవ్వకు ఏ మొకం జూపియ్యాలె?”

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన కంచంలో ఇంత పప్పు వేశాను.

అప్పటినుంచి సెలవుకి పోయేవాళ్లు సంచీలు ఎవరికి వాళ్లే సర్దుకున్నారు. ఒక్కరూ బాలన్న మంచం దగ్గరికి రాలేదు. ఆయన కూడా ఎవరినీ పిలవలేదు. ఎవడైనా సంచీ తీస్తే చాలు, లేచి బయటికి పోయేవాడు.

చలికాలంలో ముఖేష్‌కి సెలవు వచ్చింది. బయల్దేరే రోజు నేను టీ పట్టుకుని ఆ గదికి వెళ్లాను. ముఖేష్ సంచీ మోసుకొచ్చి బాలన్న మంచం మీద పెట్టాడు.

“జెర జూడు కాకా” అన్నాడు, ఎప్పట్లాగే.

బాలన్న ఈసారి లేచి పోలేదు. జిప్పు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. నీది గానిదేమన్న ఉన్నదా అని అందరినీ అడిగే ఆ మాట మాత్రం అడగలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

ముఖేష్ జిప్పు తనే లాగి, అడగకుండానే జవాబు చెప్పాడు.

“ఇండ్ల అన్నీ నాయే కాకా.”