గాలిగొట్టం ముందా, కనుమ ముందా

మా సుగుణ డాక్టరమ్మ కారు భాకరాపేట కనుమ ఎక్కింది మద్రాసు నుంచి తెప్పించిన గాలిగొట్టం వల్లనేనని అందరూ చెబుతారు. ఆమె సంస్మరణ సభలోనూ ఆమె పాత పై అధికారి అదే చెప్పాడు, దండ వేసిన ఫోటో పక్కన మైకు పట్టుకుని మరీ. అబద్ధం. ఆ కారులో ముందు సీట్లో కూర్చున్నది నేను. ఆయన ఆ రోజు కనుమ దరిదాపుల్లో కూడా లేడు. లేచి ఆ మాట అనేద్దామని కుర్చీ వెనక్కు జరిపాను. సరిగ్గా అప్పుడే బయట రోడ్డు మీద ఎవరిదో కారు మలుపు తిరిగి వేగం అందుకుంది. ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదినట్టు, లోతుగా, 'హూ'మని ఒక శబ్దం. ఎవరితోనైనా తగువుకు దిగే నా నోరు ఆ శబ్దానికి మూతపడింది. సభలో అనలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పశువుల డాక్టరు. తిరుపతిలో మా పక్కిల్లు. మగవాళ్ళ గడియారం, మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ కాస్త బురద అంటిన నేతచీర, కూరగాయల అంగడికి వెళ్ళినా మెడలోనే ఉండే స్టెతస్కోపు. ఉద్యోగం కనుమ అవతల. తొంభైల చివర్లో నా డిగ్రీ అయిపోయి, ఇంట్లో అందరితో పోట్లాడడం తప్ప వేరే పనిలేని ఎండాకాలమది. మా అమ్మే నన్ను ఆమెకు అప్పగించింది.

"నీతోపాటు తోడుకోని పో తల్లీ. ఇంట్లో ఉంటే గోడలతో గూడా తగువాడతాది."

"రానీలేక్కా. ఎనుములు ఎదురు మాట్లాడవు. వాటి కాడ రోంత నేర్చుకుంటాది," అన్నది డాక్టరమ్మ.

ఆ గేదెల దగ్గర నేనేమీ నేర్చుకోలేదు. కానీ ఆ ఉదయాలు ఇప్పటికీ నా కళ్ళ వెనక ఎక్కడో నడుస్తూనే ఉన్నాయి. రంగంపేట దాటేసరికి కొండలు నిద్రలేవని పశువుల్లా నీలంగా పడుకుని ఉండేవి. తలను అద్దానికి ఆనించి సగం మెలకువలో ఉండేదాన్ని. వెనక సీట్లో మందుసీసాలు ఒకదానితో ఒకటి గుసగుసలాడేవి. చెట్ల మధ్య నుంచి వెలుతురు ముఖం మీద పడి, పోయి, మళ్ళీ పడేది. ఆ ఊగులో కాలం ఎటు పోతున్నదో తెలిసేది కాదు. కనుమ సగానికి రాగానే మాత్రం కల చెదిరేది. కారు ముసలెద్దులా రొప్పి, ముక్కి, నిలబడిపోయేది. మేము దిగి, బానెట్ ఎత్తి, అది చల్లారేదాకా పిట్టగోడ మీద కూర్చునేవాళ్ళం. అవతల ఎవరి ఆవో ఈనలేక అవస్థ పడుతుండేది. ఆ దారికి ఉన్న బస్సులు తక్కువ. ఆవులు బస్సు వేళ చూసుకుని ఈనవు.

ఆ సంగతి ఆఫీసుకు చేరింది. పై అధికారి చాలా మర్యాదగా అన్నాడట: "కనుమ ఎక్కలేని కారుతో కనుమ అవతల డ్యూటీ ఏం చేస్తావమ్మా? చిత్తూరులో కుర్చీ ఖాళీగా ఉండాది, ఫ్యానుండాది. ఆడమనిషివి, వచ్చి కూర్చో. వచ్చే నెలలో కాగితం పంపిస్తా." ఆమెకు ఆ కుర్చీ అంటే పాడె ఎక్కడంతో సమానం. కారు ఎక్కితే ఆమె కనుమ అవతల ఉంటుంది, ఎక్కకపోతే ఫ్యాను కింద. అంతే లెక్క.

మెకానిక్ మునిరత్నం మద్రాసు నుంచి రెండు రకాల గాలిగొట్టాలు తెచ్చాడు. ఇంజన్ గాలి పీల్చుకునే పాత నల్ల డబ్బా తీసేసి వీటిలో ఒకటి బిగించాలి. ఒకటి పొడుగాటి గొట్టం. రెండోది ఎర్రగా, మడతలు మడతలుగా, అచ్చం అరటిపువ్వులా ఉంది.

"పొడుగుదే మేలు డాక్టరమ్మా. బంపరు ఎనకాల నుంచి సల్లగాలి గుంజుకుంటాది. ఈ ఎర్రది ఇంజను పక్కనే కూసోని ఏడిగాలి తాగతాది. సద్దు తప్ప ఏమీ ఉండదు దాంట్లో."

"వానొస్తే వంకలో నీళ్ళు గూడా గుంజుకుంటాది గదప్పా నీ పొడుగుది. అయినా జబ్బేందో సూడకుండానే సూదేస్తామా? ఉండు."

మెడలో స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, ఇంజన్ ఆన్ చేయించి, ఆ నల్ల డబ్బా మీద అక్కడా ఇక్కడా ఆనించి వినసాగింది. కళ్ళు మూసుకుంది. మునిరత్నం నా వైపు చూసి నోరు నొక్కుకున్నాడు.

"ఊపిరి ఈడ తగులుకుంటాండాది. ఇప్పు."

ఇప్పితే లోపల ఎలుక గూడు. చిత్తుకాగితాలు, గడ్డిపోచలు, వాటి మీద తెల్లగా మెత్తని పరుపు.

"మీ దూదే డాక్టరమ్మా! ఎలక గూడా కాన్పుకి మీ కాడికే వచ్చిండాది!" అని మునిరత్నం పగలబడి నవ్వాడు. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

గూడు తీసేసి, అదే పాత డబ్బాలో మామూలు ఫిల్టరు కొత్తది వేశాడు. మరుసటి పొద్దున కారు కనుమ ఎక్కింది. ఎక్కడా ఆగకుండా, రొప్పకుండా. అప్పటికి మద్రాసు గొట్టాలు రెండూ మునిరత్నం షెడ్డులో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఏది ముందో, ఏది తరువాతో నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను.

"ఇంక రెండూ వాపసు పంపించేయండి," అన్నాను, షెడ్డుకు తిరిగి వచ్చాక.

ఆమె ఎర్రదాన్ని పెట్టెలో నుంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుని చూస్తున్నది. "మునిరత్నం, ఇది బిగించప్పా."

"ఎందుకు? కారు ఎక్కింది కదా! వేడిగాలి తాగుతుందని ఆయనే చెప్పాడు కదా! పైగా ఆ పల్లెల దుమ్ము!"

"కడుక్కుంటాలే. సద్దు తప్ప ఏమీ లేదన్నాడు గదా, ఆ సద్దు ఎట్లుంటాదో సూస్తా. నువ్వు పోయి ప్లీడరీ సదువు మే, పిల్లా. అంత నోరు ఊరికే పోతాండాది."

ఎగతాళికే అన్నది. నేను నిజంగానే లా కాలేజీలో చేరాను, అది వేరే సంగతి.

ఆ తరువాత ఒకనాడు చిత్తూరు ఆఫీసు ఆవరణలో బానెట్ ఎత్తి ఉన్నప్పుడు అధికారి ఆ ఎర్రదాన్ని చూశాడు. "ఓహో, దీంతోనా కనుమ ఎక్కేది!" అన్నాడు. "అవున్సార్," అన్నది ఆమె, చిన్నపిల్లలా. కుర్చీ కాగితం అక్కడే ఆగిపోయింది. దారంతా నేను ఆమెతో పోట్లాడాను. అబద్ధం ఎందుకు చెప్పావని.

"ఆయప్పకు కంటికి కనపడే కారణం ఒకటి కావాల. ఇచ్చేసినాను. ఎలక గూడు సంగతి చెప్పినాననుకో, ఏమంటాడు? ఆడమనిషి, బానెట్ ఎత్తి సూసుకోను గూడా తెలీదు అంటాడు."

 ఇప్పుడు నేను ప్లీడరును. కోర్టులో సాక్షుల్ని 'ముందేది, తరువాతేది' అని పీడించి చంపుతానని నాకు పేరు. జూనియర్లు కేసు తీసుకుని ఎగురుకుంటూ వస్తే, ముందు డబ్బా ఇప్పి చూడండి అంటాను. వాళ్ళకు అర్థం కాదు. ఇవన్నీ ఆమెవే. కానీ వీటికన్నా బరువైనది ఇంకొకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఎర్రది బిగించాక మొదటిసారి కనుమ ఎక్కిన పొద్దుట ముసురు పట్టి ఉంది. కొండలు మబ్బులోకి సగం కరిగిపోయాయి. ఆమె కాలు నొక్కినప్పుడల్లా ముందు నుంచి ఆ శబ్దం 'హూ'మని లేచేది. వదిలితే ఒక నిట్టూర్పై తగ్గేది. ఆమె నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. పైకి చేరాక కారు పక్కకు ఆపింది కానీ ఇంజన్ ఆపలేదు. అద్దం దించింది. తుంపర ఆమె చెంప మీద పడుతున్నా తుడుచుకోలేదు. అంత మెత్తటి ముఖం ఆమెకు ఉన్నదని నాకు అంతవరకు తెలియదు.

"ఈ సద్దు నేనింతకు ముందే ఇన్నాను మే," అన్నది.

"ఎక్కడ?"

చెప్పబోయింది. పెదవులు కదిలాయి, నేను చూశాను. కింద మలుపులో ఎవరో రైతు తువ్వాలు ఊపుతూ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ఈనబోయే ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిందని. ఆమె బ్రేకు వదిలేసింది.

తరువాత ఎన్నోసార్లు అడిగాను. ఒకసారి "కలలో" అన్నది. ఒకసారి "నువ్వు పుట్టకముందు" అన్నది. ఇంకోసారి "నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేస్తాండావా ప్లీడరమ్మా?" అని నవ్వింది. ఈనుతున్న ఆవు డొక్కకు చెవి ఆనించి నేనే విని చూశాను. అది కాదు. సముద్రపు గవ్వ, కమ్మరి కొలిమితిత్తి, అన్నీ విన్నాను. అవీ కావు. రిటైరయ్యేదాకా ఆమె కనుమ ఇవతలికి బదిలీ కోరలేదు. ప్రమోషన్ వచ్చినా వద్దన్నది. వారం వారం ఆ ఎర్రదాన్ని సబ్బుతో కడిగి, దండెం మీద చీరల నీడన ఆరేసి, నూనె పట్టించి మళ్ళీ బిగించుకునేది. పశువుల మీద ప్రేమ అని సభలో తేల్చేశారు. కావచ్చు. ప్రేమకు ఆ శబ్దం ఎందుకు?

ఆ రోజు తుంపరలో సగం తెరుచుకున్న నీ పెదవుల దగ్గరే నేనింకా కూర్చుని ఉన్నాను. ఆ సద్దు అంతకుముందు యాడ ఇన్నావు డాక్టరమ్మా?