ఖాజాబీ అక్క కొట్టులో నలభై బారలు

నైలాన్ తాడు కొసను కొవ్వొత్తి మంటలో కరిగించిన వాసన ఇంకా నా వేళ్లకే ఉంది. బయట గాలి లేచింది. ఇక కుదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు వీధిలోకి వెళ్లి చూసొచ్చాను. గాలి లేచిన ప్రతిరోజూ నాకు ఇదే తిప్పలు. దీనికి మూలం ఖాజాబీ అక్క.

వాకాడులో ఆమెది పడవల లంగర్లూ గొలుసులూ తాళ్లూ అమ్మే కొట్టు. నేను పనికి చేరినప్పుడు నాకు ముప్పై ఏళ్లు, ఒక్కచోట నిలవని మనిషిని. లంగరు తూచి ఇచ్చేదాన్ని, గొలుసు టేపుతో కొలిచేదాన్ని. తాడు మాత్రం నన్ను కొలవనిచ్చేది కాదు. కొనేవాడే నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, తన బారలతో తానే కొలుచుకోవాలి. ఇదేం చాదస్తమని నవ్వేదాన్ని.

"సముద్రం లోతు వాళ్లు ఆ చేతులతోనే కొలిచినారు రవణా. తాడు కూడా ఆ చేతులే కొలవాల," అనేది.

ఒకరోజు ఆమె భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు పోలయ్య వచ్చాడు. బోటున్న మనిషి, ఆరడుగుల పొడవు. లంగరుకు నలభై బారల తాడు కావాలన్నాడు. చేపలకు వేసే ఐసు తెచ్చుకోవాలని తొందరపడుతున్నాడు. నాకూ ఆగే ఓపిక లేక, "నువ్వు పోయిరా అన్నా, నేను కొలిచి పెడతా" అన్నాను. కొలిచి, కొస కాల్చి, చుట్టచుట్టి ఇచ్చేశాను. మరునాడు గాలి రేగుతుండగా ఆ సంగతి అక్కకు గొప్పగా చెప్పాను.

ఆమె మొహం మారిపోయింది. "ఎవురి చేతులతో కొలిచినావు?"

నా చేతులు చూసుకున్నాను. నేను పొట్టిదాన్ని. బారకు జానెడు తగ్గినా నలభైకి అయిదు బారలు పోయినట్టే. తాడు పొడుగ్గా, ఏటవాలుగా సాగితేనే లంగరు ఇసుకను పట్టుకుంటుంది. పొట్టిదైతే లేచిపోతుంది.

అక్క ఇంకో తాడుచుట్ట ఆటోలో వేయించింది. ఒడ్డుకు పోయేసరికి, అలలు విరిగే చోటికి అవతల పోలయ్య బోటు కనిపించింది. అతనూ తమ్ముడూ మొరాయించిన ఇంజనుతో కుస్తీ పడుతున్నారు. లంగరు వేసే ఉంది, అయినా బోటు అలలవైపు జారుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా ఇసుకలో తిరిగాను. నా తొందర ఇద్దరు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. అక్క కదల్లేదు, పెదాలు మాత్రం దువా చదువుతున్నాయి. ఎంతసేపటికో ఇంజను అందుకుంది.

ఒడ్డెక్కి పోలయ్య, "లంగరు నిలవలేదక్కా, తాడు చాలలా," అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అక్క, "తప్పు నా కొట్టుదే పోలయ్యా. చేతులు చాపు," అంది. ఆ ఇసుకలోనే నలభై బారలూ కొలిపించింది. నేను ఏడుస్తుంటే, "ఏడవబాక. భయపడినావు గదా, ఇంక మరిచిపోవులే," అంది.

మరిచిపోలేదు. అక్క పోయాక కొట్టు నేనే చూస్తున్నాను. ఈ ఉదయం పోలయ్య కొడుకు వచ్చాడు. తండ్రి అంత పొడుగు రాలేదు.

"నలభై బారలక్కా. గబాల్న ఇయ్యి."

"నలభై అని ఎవరు చెప్పినారు?"

"మా నాయన."

"అయితే మీ నాయన్నే పిలుచుకొని రా."

గొణుక్కుంటూ వెళ్లాడు. పోలయ్య ముసలివాడైపోయాడు, భుజాలు నొప్పంటూనే చేతులు చాపాడు. నలభై అయ్యాక నేను ఇంకో బార కలిపి కొస కాల్చాను. తాడు తీసుకుని కొడుకు సముద్రం మీదికి వెళ్లి చాలాసేపైంది. నేనింకా వీధిలో నిలబడి గాలి ఎటు తిరుగుతుందో చూస్తున్నాను.