ఆయుధపూజకి తుడిచిన కంప్యూటర్

అక్క రాసిన చివరి ఉత్తరాలు మా ఇంట్లో ఎవరమూ చదవలేదు. అవి చిరిగిపోలేదు, కాలిపోలేదు, ఎవరూ దాచిపెట్టలేదు. మాకు అందకుండా పోయిన సాయంత్రం కూడా ఉన్నచోటే ఉన్నాయి. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. ఎవరి మీద పడాలో తెలియని కోపం మరీ చెడ్డది. మా ఇంట్లో అది చాలా కాలం గిన్నెల మీద పడింది.

మాది లాలాగూడ రైల్వే క్వార్టర్. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినా, అమ్మా నాన్నల నోట ఆ యాస పోలేదు. అప్పట్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి. ఏ గోడ చూసినా కోర్సుల బోర్డే, ఏ పెళ్ళికి వెళ్ళినా "మీ అమ్మాయి ఏం నేర్చుకుంటోంది?" అనే ప్రశ్నే. అక్క ఆ పోటీలో నెగ్గి మాదాపూర్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. రోజూ అంత దూరం తిరగలేక అక్కడే హాస్టల్లో ఉండి, ఆదివారాలు ఇంటికి వచ్చేది. ఇంట్లో కంప్యూటర్ తను కొన్నదే.

ఎదురుగా మాట్లాడాలంటే అక్కకి నోరు పెగలదు. అమ్మ దగ్గర మరీను. అందుకే ఆఫీసులో భోజనాల వేళ అమ్మకి ఉత్తరం రాసేది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అమ్మకి మెయిల్ అడ్రసు ఎక్కడిది? కాబట్టి పంపేది కాదు. తన మెయిల్లోనే, పంపని ఉత్తరాలు ఉండే అరలో వదిలేసేది. ఇంట్లో కంప్యూటర్లో తన మెయిల్ ఒకసారి తెరిచి, 'నన్ను గుర్తుపెట్టుకో' అన్న గడిలో టిక్కు కొట్టి నాకు అప్పజెప్పింది. సాయంత్రం నేను దాన్ని తెరిచి అమ్మకి చదివి వినిపించాలి. పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే నెత్తి మీద మొట్టికాయ వేసింది.

"నీకెందుకే? నా గొడవలన్నీ చదివి నాన్నకి మొయ్యడానికా? అది తెరిచే ఉంటుంది, పో."

నిజంగానే తెరిచే ఉండేది. ఎప్పుడు వెళ్ళినా అడ్డు చెప్పకుండా లోపలికి రానిచ్చేది. ఎందుకు రానిస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. కంప్యూటర్ కోర్సులో చేరి, అందరికీ గొప్పలు చెప్పుకునేదాన్ని కూడానూ.

ఆ ఏడు వానలకి మా క్వార్టర్లన్నిటికీ ఫోన్లు పోయాయి. ఫోన్ లేకపోతే ఇంటర్నెట్ లేదు. "రాసి పెడుతూనే ఉన్నాను, లైన్ వచ్చాక చదువుకోండి" అని ఒక ఆదివారం అక్క నవ్వింది. ఆ తరవాత జ్వరం అంది. వారం తిరక్కుండానే అక్క లేదు. లైన్ బాగుచేసేవాళ్ళు, మా మీద ఎంత దయో, అన్నీ అయిపోయాక తాపీగా వచ్చారు.

మెయిల్ తెరిస్తే అక్క ఉత్తరాలు వరసగా ఉన్నాయి. నేను బావురుమన్నాను. అమ్మ ఏడవలేదు.

"అది రోజుకొకటే రాసింది కదే. రోజుకొకటే విందాం. నువ్వు ముందు చదివీకు. వింటే ఇద్దరం ఒకేసారి వినాల" అంది.

సాయంత్రం అయ్యేసరికి అమ్మ అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చునేది. మోడెం కీచుమని అరిచి, కాసేపు గురగురలాడి, లైన్ కలిపేది. పేజీ పైనుంచి కిందికి బద్ధకంగా దిగేది. అది దిగేదాకా అమ్మ ముద్ద ఎత్తేది కాదు. నాన్న గుమ్మంలో నిలబడి ఆ కంచంకేసే చూస్తుండేవాడు. ఉత్తరాల్లో ఏముంటుంది? హాస్టల్ సాంబారు నీళ్ళలా ఉందని, బస్సులో సీటు దొరికిందని, అమ్మ ఇచ్చిన చీర ఎవరో బాగుందన్నారని. అయినా అది విన్న పూట అమ్మ తినేది. లైన్ కలవని పూట తినేది కాదు. అప్పట్లో మా ఇల్లు దాని మీదే నడిచింది.

దసరా దగ్గర పడింది. ఒక సాయంత్రం చదివిన ఉత్తరం చివర ఇలా ఉంది: "అమ్మా, నీకో మాట చెప్పాలి. ఎదురుగా అయితే చెప్పలేను. రేపు రాస్తాను. కోప్పడకు."

నేను గబుక్కున తరవాతిది నొక్కబోయాను. అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "రేపు అంది కదా. రేపే" అంది. ఆ పట్టుదల అక్కకెక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. పొద్దున్న చూస్తే అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు కాఫీ ఇస్తూ, "ఎవరైనా అబ్బాయిని చూసుకుందేమోనే. చూసుకుంటే మాత్రం నేనేటి, కోప్పడీదాన్నా? వేగిరం వచ్చీ" అంది.

ఆ రోజు కార్ఖానా అనే పేటలో నా కోర్సు క్లాసు. మాకు చెప్పే సారు ఇక్కడివాడే. ఏది చెప్పినా సికింద్రాబాద్‌లోంచే పట్టుకొచ్చి చెప్పేవాడు.

"కుకీ అంటే బిస్కెట్ గాదు. మన స్టేషన్ల క్లోక్‌రూమ్ ఉంటది గద, ఆడ సామాను వెడితే ఒక చిట్టీ ఇస్తరు. మల్ల వోయి చిట్టీ చూపిస్తే నువ్వెవరని గిట్ల అడగరు, సామాను ఇచ్చేస్తరు. గా చిట్టీనే కుకీ. వెబ్‌సైటోడు ఇస్తడు, మన కంప్యూటర్ల ఉంటది. పాస్‌వర్డ్ కొట్టకున్నా వాడు నిన్ను గుర్తువడ్తుండంటే గా చిట్టీ చూసే."

"చిట్టీ పోతే ఎట్ల సార్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"సామాను ఆడనే ఉంటది. నీకియ్యరు, గంతే. కొన్ని చిట్టీలకు తారీఖు సుత ఉంటది, అది దాటితే దానంతటదే పోతది. లేకుంటే ఎవరన్న సాఫ్ చేసిన్రనుకో, పోతది."

అక్క వేసిన టిక్కు ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ మేం వింటున్న అక్క గొంతంతా ఒక చిట్టీ మీద నిలబడి ఉంది. దాని తారీఖు ఎప్పుడో నాకు తెలియదు. సంచీ తీసుకుని లేచాను.

"ఏందమ్మా, పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు సారు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

మర్నాడు ఆయుధపూజ. రోడ్డు నిండా బంతిపూల గుట్టలు, కడిగిన ఆటోలు, వాటికి కట్టిన అరటి పిలకలు. బస్సు నాలుగడుగులు వేసి ఆగుతోంది. దిగి నడుద్దామా అనిపించింది, నడిస్తే ఇంకా ఆలస్యం. స్టేషన్ దగ్గర దిగి ఆటో ఎక్కాను. దారంతా ఒకటే మొక్కు. ఈ ఒక్కసారి తెరుచుకో, అమ్మ తిట్టినా సరే, అన్నీ కాపీ చేసి పెట్టేస్తాను, ఈ ఒక్కసారి.

ఆయుధపూజంటే లాలాగూడలో మాటలు కాదు. వర్క్‌షాపులో ప్రతి మెషీన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, బొట్టు పెడతారు. లోపల మురికి ఉంచి పైన బొట్టు పెడితే నాన్నకి గిట్టదు. ఇంట్లో కుట్టుమిషనూ, స్కూటరూ కూడా ఆయన చేతిలో ఆ స్నానం చేయాల్సిందే. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి కంప్యూటర్ తళతళలాడుతోంది. పూజ రేపైనా అప్పుడే పసుపు, కుంకుమ, మీద ఒక బంతిపువ్వు. పక్కన నాన్న, చేతిలో పేపరు ముక్క.

"చూసేవేటే, ఎలాగుందో! పైనే కాదు, లోపల కూడా తుడిచీసేను. పేపర్లో వేసేడు. కుకీలని చెత్త పేరుకుపోతాదట. అది తీసీస్తే పేజీలు జోరుగా వచ్చీస్తాయట. అందులో చెప్పినట్టే నొక్కేను. మీ అమ్మ కంచం పట్టుకుని అంతసేపు కూచోనక్కర్లేదు కదా."

వేరే ఎవరైనా అయితే ఇల్లు ఎగరగొట్టేదాన్ని. నాన్న మొహంలో, అక్క పోయాక మొదటిసారి, కాస్త వెలుగుంది. నేను లైన్ కలిపాను. పేజీ నిజంగానే తొందరగా వచ్చింది. ఉత్తరాలు కాదు. రెండు ఖాళీ గళ్ళు, పేరూ పాస్‌వర్డూ.

అక్క పుట్టినరోజు కొట్టాను, మా ఊరు కొట్టాను, నా పేరు కూడా కొట్టాను. మర్చిపోయావా అని అడిగే చోట నొక్కితే ఒక ప్రశ్న వచ్చింది: నీకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఏది? చిన్నప్పటినుంచీ ఒకే మంచం మీద పడుకున్నాం. దానికి ఏ చోటు ఇష్టమో నాకు తెలియదు. తోచినవన్నీ రాశాను. ఇక చాలు, రేపు ప్రయత్నించమంది ఆ పేజీ. ఆ రేపూ, ఆ తరవాతా ఏమీ జరగలేదు. ఆ మెయిల్ కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా, ఆ ఖాతా మీదని రుజువేమిటన్న ఒకే జవాబు.

ఆ సాయంత్రం అమ్మ ఎప్పట్లాగే కంచం పట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. "చదువు" అంది.

నాన్న నా మొహం చూశాడు, తెర చూశాడు. చేతిలో పేపరు ముక్క మడిచేశాడు. "అది తీయకూడదేటే?" అన్నాడు.

సారు చెప్పిన చిట్టీ సంగతి చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

"అయితే పోయాయా?" అంది అమ్మ.

"పోలేదమ్మా. అన్నీ అక్కడే ఉన్నాయి. అది మనల్ని గుర్తుపట్టడం లేదు."

నాన్న కుంకుమ చేతులు లుంగీకి తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. వంగి, తెర మీద ఖాళీ పాస్‌వర్డ్ గడి పక్కన వేలు పెట్టాడు.

"నేను దాని నాన్ననని రాయే ఇందులో" అన్నాడు. "రాయే తల్లీ. కన్నతండ్రినంటే ఇవ్వరేటి?"

అలా కుదరదని చెప్పాలి. అయినా రాశాను. ఒక్కో అక్షరం ఒక్కో చుక్కగా పడింది. నొక్కి, ముగ్గురం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. అమ్మ ముద్ద ఎత్తలేదు.