పన్నెండు మెట్లు

బొగ్గుబాయిలో మాకొక పద్ధతుంది. షిఫ్టు మొదలుకాగానే ఒకడు ముందు వెళ్లి ఇనుప కడ్డీతో పైకప్పు తట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైతే బోలుగా మోగుతుంది. అతను "రాండ్రి" అంటే మిగతావాళ్లం వెళ్తాం. ఇంకెవరూ మళ్లీ తట్టి చూడరు. చూస్తే ముందు చూసినవాణ్ణి మొహం మీద తిట్టినట్టే. మా జట్టులో పదిహేనేళ్లుగా ఆ కడ్డీ నా దోస్తు చేతిలోనే ఉంది.

వాడు గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకున్నాక నేను గాలి నింపే రబ్బరు పడవ కొన్నాను. ఈ వయసులో ఈ తెడ్ల పిచ్చేమిటని నా భార్య దెప్పుతూనే ఉండేది. నీళ్లు చూడటం కూడా వాడి పనే అయింది. సెలవు రోజు పొద్దున్నే రేవుకు వెళ్లి, ఎన్ని మెట్లు నీళ్లపైన ఉన్నాయో ఫోన్లో చెప్పేవాడు. పదికి తగ్గితే పడవ దించేది లేదు.

మొన్న వానాకాలం చివర్లో, ఆసిఫాబాద్‌లో చదువుకుంటున్న నా బిడ్డ సెలవుకు వస్తే మొదటిసారి తీసుకెళ్లాను. తనకు ఈత రాదు.

"పన్నెండు మెట్లు తేలినయ్. ఫికర్ జెయ్యకు, రా" అన్నాడు వాడు ఫోన్లో.

మేం పడవ దించే చోటు రేవుకు ఎగువన. అక్కణ్ణుంచి మెట్లు కనపడవు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, చూశాను కూడా. వాడు చెప్పాడు కదా అని తెడ్డు వేశాను.

మలుపు తిరగ్గానే ప్రవాహం పడవను లాక్కుపోయింది. రేవు పక్కనుంచి కొట్టుకుపోతూ చూస్తే మూడే మెట్లు. "బాపూ, బాపూ" అంటూ బిడ్డ నా చొక్కా పట్టుకుంది. చాలా దిగువన తుమ్మపొదల్లో పడవ చిక్కుకోబట్టి బతికాం. ముళ్లు గీరుకుని బిడ్డ చేతుల నిండా నెత్తురు.

వాడు ఒడ్డు వెంట పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పొద్దుగాల రేవుకు పోయినవా?" అని అడిగాను.

"పోలేరా. నిన్న సూసిన. రాత్రి డ్యాం గేట్లెత్తిండ్రని నాకేం ఎర్క? గట్లనే ఉంటయనుకున్న."

నమ్మించి గొంతు కోయడానికి కత్తి అక్కర్లేదని అప్పుడు తెలిసింది. చూడలేదురా అని ఒక్క మాటంటే ఆ రోజు ఇంట్లోనే ఉండేవాళ్లం. మంచం దిగకుండానే పన్నెండని లెక్క చెప్పాడే, అదే నాకు మింగుడుపడలేదు.

మర్నాడు బాయిలో వాడు కప్పు తట్టి "రాండ్రి" అన్నాడు. అందరూ కదిలారు. నేను వాడి చేతిలోంచి కడ్డీ తీసుకుని, జట్టంతా చూస్తుండగా మళ్లీ తట్టాను. ఖంగుమంది. కప్పు గట్టిగానే ఉంది. వాడి తలమీది దీపం వెలుగు నేలకు వాలిపోయింది.

నేను ఇంకో చోట తట్టాను.